కరెంటు పోయినా కబురు అందేలా: ఊళ్లోని ఇంటికి ఆటోమేషన్ అమర్చుకునే పద్ధతి

మా అమ్మ పర్లాకిమిడిలోని పాత ఇంట్లో ఉంటుంది; నేను బరంపురంలో ఉద్యోగం చేస్తున్నాను; తమ్ముడు బెంగళూరులో స్థిరపడ్డాడు. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల్లో చాలావాటి పరిస్థితి ఇంచుమించు ఇదే. ట్యాంకు నిండిందా, కరెంటు ఉందా, రాత్రి గేటుకు గడియ పెట్టారా అని రోజూ ఫోను చేసి అడగడమూ, అవతలివారు మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కి చూసి వచ్చి చెప్పడమూ ఈ ఇళ్లన్నిటికీ తెలిసిన తంతే. ఆ మూడు ప్రశ్నలకు ఇల్లే ఫోను ద్వారా జవాబు చెప్పేలా, అవసరమైతే మనం దూరం నుంచి మోటారు ఆపగలిగేలా ఏర్పాటు చేసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు నేను వాడుతున్నది హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2013లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే ఉండే ఒక చిన్న కంప్యూటరు మీద నడుస్తుంది కనుక, నిర్ణయాలన్నీ ఎక్కడో పరాయి సర్వరులో కాక మన గోడల మధ్యనే జరుగుతాయి.

ఆ సంగతికి మా ప్రాంతంలో ఉన్న విలువ వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కూడా అతలాకుతలం చేసినప్పుడు, మా వీధిలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోను సిగ్నలూ లేదు. అంతటి విపత్తు ఏటా రాకపోయినా, వేసవి సాయంత్రాల్లో పడిపోయే వోల్టేజీ, వానాకాలపు గాలికి తెగిపడే ఫైబరు తీగా మాకు మామూలే. అందువల్ల ఏ పరికరం కొనబోయినా, ఏ నియమం రాయబోయినా నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇంటర్నెట్ లేనప్పుడు ఇది పనిచేస్తుందా? పనిచేయనిదాన్ని మోటారు దరిదాపులకు రానివ్వను. దీపాలకూ, అలంకారాలకూ మాత్రమే వాడతాను.

యంత్రం ఎంపిక

హోమ్ అసిస్టెంట్ కోసం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కొనమని ఎక్కువమంది చెబుతారు. అది చెడ్డ సలహా కాదు గాని, కరెంటు పదేపదే పోయి వచ్చే ఊళ్లో రాత మధ్యలో ఆగిపోయి దాని మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. నా దృష్టిలో అటక మీద మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్ అంతకంటే మేలు, ఎందుకంటే దానికి బ్యాటరీ కడుపులోనే ఉంది. 64 బిట్ల ప్రాసెసరు, యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా పద్ధతిలో బూట్ అయ్యే సౌకర్యం, 4 జీబీ ర్యామ్, 32 జీబీకి తగ్గని ఎస్ఎస్‌డీ డిస్కు ఉంటే చాలు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని తీసివేయండి. ఏళ్ల తరబడి ప్లగ్గులోనే ఉండబోయే యంత్రం కనుక, బయోస్‌లో (ల్యాప్‌టాప్ మూల అమరికల తెరలో) చార్జింగును 80 శాతం దగ్గర ఆపే వీలు ఉంటే దాన్ని తప్పక వాడుకోండి.

ఇన్‌స్టాల్ చేయడానికి ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవుతో ల్యాప్‌టాప్‌ను లైవ్ పద్ధతిలో, అంటే డిస్కును ముట్టుకోకుండా తెరిచి, హోమ్ అసిస్టెంట్ సైటు నుంచి జెనరిక్ ఎక్స్86-64 ఇమేజిని దించుకొని, డిస్క్స్ అనే ప్రోగ్రాముతో ఆ ఇమేజిని లోపలి డిస్కు మీదికి ఎక్కించాలి. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక పెళ్లి ఫొటోలేమైనా ఉంటే ముందే తీసి దాచుకోండి. బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను ఆపి, ల్యాప్‌టాప్‌ను రౌటరుకు వైఫైతో కాక కేబులుతో కలిపి, తిరిగి ఆన్ చేసి కొంతసేపు ఓపిక పట్టాలి. ఆ తరువాత అదే రౌటరుకు కలిసి ఉన్న ఫోను బ్రౌజరులో ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా (రౌటరు దానికి ఇచ్చిన నంబరు), దాని పక్కన కోలన్, 8123 అని కొడితే స్వాగత పేజీ వస్తుంది. అక్కడ యజమాని ఖాతా సృష్టించుకొని, రౌటరులోకి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ అదే ఐపీ దక్కేలా కేటాయించండి. ఈ చిన్న పని మరిచిపోయిన కారణంగా కరెంటు పోయి వచ్చిన మరునాడు ఇల్లంతా మాయమైపోయిందని కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

బయోస్‌లో మరొక అమరిక వెతకాలి. కరెంటు ఎనిమిది గంటలు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా అయిపోతుంది. కరెంటు వచ్చాక దానంతట అది లేవాలంటే వేక్ ఆన్ ఏసీ, పవర్ ఆన్ విత్ ఏసీ వంటి పేరుతో ఉండే అమరికను ఆన్ చేసి ఉంచాలి. ఆఫీసు తరగతి ల్యాప్‌టాపుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మీ యంత్రంలో లేకపోతే దాన్నీ రౌటరునూ ఇన్వర్టరు లైను మీద పెట్టడం తప్ప దారి లేదు. ఇన్వర్టరు లేని ఇంట్లో రౌటరుకు మాత్రం 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది. కొనే ముందు రౌటరు అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టేజీని ఒకసారి చదవండి.

మోటారు దగ్గర తొందర పడవద్దు

ఈ మొత్తం పనిలో ప్రమాదమూ ప్రయోజనమూ రెండూ ఎక్కువగా ఉన్నది మోటారు దగ్గరే. మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. బజారులో దొరికిన 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గును ఒక హెచ్‌పీ మోటారుకు నేరుగా తగిలించాను. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు ధారాళంగా సరిపోతాయని నా లెక్క. మోటారు కదిలే మొదటి క్షణాల్లో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందన్న సంగతిని ఆ లెక్కలో వేయలేదు. మూడు నెలలు బాగానే నడిచింది. ఒక ఉదయం ఫోనులో ఆఫ్ నొక్కాను, తెర మీద ఆఫ్ అని చూపించింది. అమ్మ మాత్రం ఫోనులో, "ఆగలేదురా, మోగుతూనే ఉంది" అంటోంది. ప్లగ్గులోని రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న మీట) నాలుకలు వేడికి అతుక్కుపోయాయి. నేను బరంపురంలో కూర్చుని ఆఫ్ నొక్కుతూనే ఉన్నాను, అక్కడ పక్కింటివారి పెరట్లో నీళ్లు పారుతూనే ఉన్నాయి.

కనుక మోటారుకు తగిన కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకునే రిలే) పెట్టించి, స్మార్ట్ రిలే ఆ కాంటాక్టరు కాయిలును, అంటే దాన్ని కదిలించే తీగచుట్టను మాత్రమే నడిపేలా వైరింగు చేయించండి. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. కాంటాక్టరు పక్కన చేత్తో తిప్పే ఆటో, మాన్యువల్ స్విచ్చు కూడా పెట్టమని అడగండి. సాఫ్ట్‌వేర్ మొత్తం చచ్చిపోయిన రోజున కూడా అమ్మ పచ్చ బటన్ నొక్కి నీళ్లు ఎక్కించుకోగలగాలి. మోటారు తీగ చుట్టూ కరెంటు కొలిచే క్లాంపు ఒకటి ఉంటే, రిలే చెప్పినదాన్ని కాక నిజంగా జరుగుతున్నదాన్ని చూడవచ్చు. నేను పీజెడ్‌ఈఎం-004టీ అనే చిన్న మాడ్యూలు వాడుతున్నాను. అది వోల్టేజీనీ ఆంపియర్లనూ రెంటినీ చెబుతుంది.

వీటన్నిటినీ కలిపి నడిపేది ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు. హోమ్ అసిస్టెంట్‌లో వేసుకునే ఈఎస్‌పీహోమ్ అనే అదనపు ప్రోగ్రాము (యాడ్-ఆన్) ద్వారా దానికి నియమాలు రాసి ఎక్కించవచ్చు. ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది కనుక రౌటరులో ఆ బ్యాండు ఆన్‌లో ఉండాలి. ట్యాంకులో నీటి మీద తేలే రెండు ఫ్లోట్ స్విచ్చులు చాలు: పైది నిండిందని చెప్పడానికి, కిందిది అడుగంటుతోందని చెప్పడానికి. ధ్వని తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు పెడితే నీటిమట్టం శాతాల్లో కనబడుతుంది, చూడడానికి బాగుంటుంది. కాని వాటర్‌ప్రూఫ్ రకం సెన్సరు తనకు ఇరవై సెంటీమీటర్లలోపు ఉన్నదాన్ని సరిగ్గా చూడలేదు, మూత కింద పట్టే ఆవిరికి తికమక పడుతుంది. ఫ్లోట్ స్విచ్చుకు ఆ బాధలు లేవు. నీళ్లు పడేటప్పటి అలలకు అది ఊగిసలాడుతుంది కాబట్టి, అయిదు సెకన్లపాటు నిలకడగా ఉంటేనే లెక్కలోకి తీసుకోమని ఈఎస్‌పీహోమ్‌లో రాయాలి.

నియమాల్లో ముఖ్యమైన రెండింటిని ల్యాప్‌టాప్‌లో కాక ఈఎస్‌పీ32లోనే రాయండి. ట్యాంకు నిండగానే మోటారు ఆగాలన్నది మొదటిది. ఎట్టి పరిస్థితిలోనూ మోటారు 30 నిమిషాలకు మించి నడవకూడదన్నది రెండోది. మా ట్యాంకు నిండడానికి 22 నిమిషాలు పడుతుంది కనుక ఆ 30 పెట్టాను, మీరు గడియారం చూసి మీ లెక్క తేల్చుకోండి. ఇలా చేస్తే ల్యాప్‌టాప్ ఆగినా, వైఫై పోయినా మోటారు ఆగడం మాత్రం ఆగదు. అలాగే రిలేకు రిస్టోర్ మోడ్ అనే అమరికను ఎల్లప్పుడూ ఆఫ్ అని పెట్టాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు తిరిగి వచ్చినప్పుడు మోటారు కూడా దానంతట అది లేచి కూర్చునే వీలుంది. వోల్టేజీ 180కి తక్కువగా ఉన్నప్పుడు మోటారును ఆన్ చేయనివ్వకూడదన్న షరతు మా ఇంట్లో అదనంగా పెట్టాను. అది పెట్టాక వైండింగు కాలిపోయిందని మెకానిక్కును పిలవవలసి రాలేదు.

గేటు సంగతి తేలిక: తలుపుకూ చట్రానికీ అంటించే అయస్కాంతపు సెన్సరు ఒకటి చాలు. కొనే ముందు ఏ పరికరానికైనా హోమ్ అసిస్టెంట్ సైటులో దాని పేజీ తెరిచి, అది ఇంటి నెట్‌వర్కులోనే పనిచేస్తుందో, క్లౌడు (బయటి సర్వరు) మీద ఆధారపడుతుందో చూసుకోండి. లోకల్ పుష్, లోకల్ పోలింగ్, క్లౌడ్ పోలింగ్ వంటి మాటలతో ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

ఫోనుకు కబురు

ఫోనులో హోమ్ అసిస్టెంట్ యాప్ వేసుకొని, ఇంటి వైఫైలో ఉన్నప్పుడే ఒకసారి లాగిన్ అయి, నోటిఫికేషన్ల అనుమతి ఇవ్వండి. ఆ తరువాత సెట్టింగ్స్‌లో ఆటోమేషన్స్ తెరిచి కొత్తది సృష్టించండి. ప్రతి ఆటోమేషన్‌లోనూ ఎప్పుడు, ఏ షరతు మీద, ఏం చేయాలి అన్న మూడు గదులుంటాయి. ఉదాహరణకు, మోటారు రిలే ఆఫ్ అయి 10 సెకన్లు గడవడం మొదటి గది; క్లాంపు ఇంకా ఒక ఆంపియరు కంటే ఎక్కువ చూపించడం రెండో గది; నా ఫోనుకూ, కింది వాటాలో అద్దెకుంటున్నవారి ఫోనుకూ హెచ్చరిక పంపడం మూడో గది. నా అతుక్కుపోయిన రిలేకు విరుగుడు ఇదే. సందేశాన్ని ఏ లిపిలోనైనా రాయవచ్చు కనుక, అమ్మ ఫోనుకు తెలుగులోనూ, కింది వాటావారికి ఒడియాలోనూ రాశాను. రెండు భాషల ఇళ్లలో ఈ చిన్న మర్యాద చాలా పని చేస్తుంది. ఇంగ్లీషులో వచ్చిన హెచ్చరికను ఇద్దరూ చదవకుండానే పక్కకు తోసేసేవారు.

ఆండ్రాయిడ్ ఫోనులో హెచ్చరికలు ఆలస్యంగా వస్తున్నాయంటే రెండు చోట్ల చూడాలి. ఫోను సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వాలి. హెచ్చరికతో పాటు పంపే డేటా భాగంలో ప్రయారిటీని హై గానూ, టీటీఎల్‌ను (కబురు దారిలో ఆగగల గడువును) 0 గానూ పెట్టాలి. ఈ రెండోది నిజంగా అత్యవసరమైనవాటికే వాడండి. ఒకే విషయం మీద వరుసగా వచ్చే కబుర్లకు ఒకే ట్యాగ్ (గుర్తు పేరు) ఇస్తే కొత్తది పాతదాని స్థానంలో కూర్చుంటుంది, తెర నిండిపోదు. ఒక ఫోనుకు రోజుకు 500 నోటిఫికేషన్ల పరిమితి ఉంది. అది మన కాలమానం ప్రకారం తెల్లవారుజామున 5:30కు మళ్లీ మొదలవుతుంది. ఆ పరిమితి అవసరపడే ఇల్లు ఏదైనా ఉంటే అక్కడ ఆటోమేషన్ కాదు, సంత జరుగుతోందనుకోవాలి. మా ఇంట్లో ఇప్పుడు రోజుకు రెండో మూడో వస్తాయి, అందుకే వచ్చిన ప్రతిదాన్నీ చదువుతాం.

ఫోను ఉన్న చోటును బట్టి నడిచే ఆటోమేషన్లను సరిహద్దు ఊళ్లలో నమ్ముకోవద్దనే చెబుతాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో మంచం మీద ఉన్న ఫోనే అవతలి టవరును పట్టుకొని, మనిషి ఊరు దాటినట్టు చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

కరెంటు పోయిందని తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు. ఇన్వర్టరుతో సంబంధం లేని మామూలు లైను మీద ఒక చవక స్మార్ట్ ప్లగ్గును ఊరకే పెట్టి ఉంచండి. కరెంటు పోగానే అది హోమ్ అసిస్టెంట్‌లో అందుబాటులో లేదని చూపిస్తుంది. ఆ స్థితి రెండు నిమిషాలు కొనసాగితే కబురు పంపమని రాసుకోండి. రెండు నిమిషాల గడువు పెట్టకపోతే వైఫై తుమ్మినా దగ్గినా ఫోను మోగుతుంది.

ఇల్లే మూగబోతే

ఇంతవరకు చెప్పినదానిలో ఒక పెద్ద చిల్లు ఉంది. కరెంటు పోయిన రోజున వీధి చివర ఫైబరు కంపెనీవారి పెట్టెలో కూడా కరెంటు పోవచ్చు. అప్పుడు మన రౌటరు వెలుగుతూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ హెచ్చరికను పంపుతూనే ఉంటుంది, కాని అది గడప దాటదు. మనకు కబురు రాకపోవడాన్ని మనం క్షేమమని అనుకుంటాం. ఇంటి కబురును ఇల్లే మోయవలసినప్పుడు, ఇల్లు పడిపోయిందన్న కబురు ఎవరు మోస్తారు?

దీనికి విరుగుడు ఏర్పాటును తలకిందులు చేయడమే. హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ వంటి సేవలో ఉచిత ఖాతా తెరిస్తే అది మీకొక వెబ్ చిరునామా ఇస్తుంది. హోమ్ అసిస్టెంట్‌లో రెస్ట్ కమాండ్ అనే సౌకర్యంతో ప్రతి 5 నిమిషాలకు ఆ చిరునామాను ఒకసారి తట్టే ఆటోమేషన్ రాయండి. ఆ సేవ వైపు గడువు 15 నిమిషాలు పెట్టండి. పదిహేను నిమిషాలు ఇంటి నుంచి ఏ తట్టూ రాకపోతే, ఆ సేవే తన వైపు నుంచి మీకు ఈమెయిలో టెలిగ్రామ్ సందేశమో పంపుతుంది. ఇంట్లో ఏమీ మిగలకపోయినా ఈ కబురు వస్తుంది, ఎందుకంటే దాన్ని పంపేది ఇల్లు కాదు. నాకు ఈ మొత్తం ఏర్పాటులో ఏ ఒక్కటో ఉంచుకొమ్మంటే దీన్నే ఉంచుకుంటాను.

దూరం నుంచి లోపలికి

హెచ్చరిక రావడానికి రిమోట్ యాక్సెస్ అవసరం లేదు. హోమ్ అసిస్టెంట్ దాన్ని బయటికి పంపుతుంది, ఫోను అందుకుంటుంది. కాని ఆ హెచ్చరిక కింద మోటారు ఆపు అని బటన్ పెట్టి, బరంపురం నుంచి దాన్ని నొక్కితే పని జరగాలంటే ఫోను నుంచి ఇంటికి దారి ఉండాలి. ఈ తేడా తెలియక, కబుర్లు వస్తున్నాయి కదా అన్న ధీమాతో ఊరు వదిలినవారు అవసరమైన రోజున ఖాళీ బటన్ నొక్కుతూ కూర్చుంటారు.

పాత సలహా ప్రకారం రౌటరులో 8123 పోర్టును, అంటే హోమ్ అసిస్టెంట్ పలికే తలుపును, ఇంటర్నెట్‌కు తెరవాలి. దయచేసి ఆ పని చేయవద్దు. ప్రపంచంలోని ప్రతి తాళంచెవికీ మీ గుమ్మం చూపించినట్టవుతుంది. పైగా చాలామందికి అది సాధ్యం కూడా కాదు. రౌటరు పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటరుకు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షను ఎందరితోనో కలిసి ఒకే చిరునామాను పంచుకుంటోందని అర్థం. మీరు ఏ పోర్టు తెరిచినా బయటివారికి తలుపు కనబడదు.

పంచుకున్న చిరునామాలోనూ పనిచేసే దారులు ప్రధానంగా రెండు. హోమ్ అసిస్టెంట్ సృష్టికర్తలు నెలకొల్పిన నాబు కాసా సంస్థ చందా తీసుకొని ఇచ్చే క్లౌడ్ సేవ ఒకటి; సెట్టింగ్స్‌లో ఒక మీట నొక్కితే అయిపోతుంది, ఆ డబ్బు ప్రాజెక్టుకు ఊతం కూడా. సాంకేతిక విషయాల జోలికి పోలేని ఇంటికి ఇదే నా సిఫార్సు. రెండోది టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్కు సేవ, సొంత వాడకానికి ఉచితం, వైర్‌గార్డ్ అనే గుప్తీకరణ పద్ధతి మీద నడుస్తుంది. హోమ్ అసిస్టెంట్‌లో దాని యాడ్-ఆన్ వేసి, అదే ఖాతాతో ఫోనులోనూ వేసుకుంటే రెండిటి మధ్య ప్రైవేటు దారి ఏర్పడుతుంది. అది ఇచ్చే చిరునామా కూడా 100తోనే మొదలవుతుంది, ఇందాకటిదానితో కలగాపులగం చేసుకోవద్దు. ఆ చిరునామాను ఫోను యాప్‌లో బయటి చిరునామాగా, ఇంటి ఐపీని ఇంటి వైఫై పేరుతో పాటు లోపలి చిరునామాగా నమోదు చేయాలి. వైఫై పేరు గుర్తించడానికి ఆండ్రాయిడ్ లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇవ్వక తప్పదు.

టెయిల్‌స్కేల్‌లో తప్పనిసరిగా చేయవలసిన పని ఇంకొకటుంది. ప్రతి యంత్రం తాళంచెవికీ మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. వెబ్‌లోని అడ్మిన్ పేజీలో ఇంటి ల్యాప్‌టాప్‌కు ఆ గడువును తీసివేయకపోతే, ఆరు నెలల తరువాత ఒక రోజు ఏ కారణమూ కనబడకుండా దారి మూసుకుపోతుంది. దాన్ని తెరవడానికి మీరు ఊరికి రావలసి ఉంటుంది.

హోమ్ అసిస్టెంట్‌లో ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా పెట్టవద్దు. మీ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని, అమ్మకు అడ్మిన్ అధికారాలు లేని వేరే ఖాతా ఇవ్వండి. ఆమె తెర మీద మోటారు, గేటు, కరెంటు అన్న మూడు పెద్ద బొమ్మలు తప్ప మరేమీ అక్కర్లేదు. బ్యాకప్‌లను గూగుల్ డ్రైవుకు పోయేలా పెట్టి, వాటిని తెరిచే ఎన్‌క్రిప్షన్ కీని (తాళంచెవిని) కాగితం మీద రాసి దాచండి. కొత్త వెర్షన్ నెలకోసారి వస్తుంది; ఊరికి వెళ్లినప్పుడు తప్ప దాన్ని ముట్టుకోకండి. దూరం నుంచి అప్‌డేట్ నొక్కి, ఆ తరువాత ఇల్లు పలకకపోతే ఆదివారం బస్సెక్కవలసి వస్తుంది.

ఊరు వదిలే ముందు

అంతా అమర్చాక ఒక పూట పరీక్షకు కేటాయించండి. మెయిన్ ఆపి, కరెంటు కబురు వచ్చిందో లేదో చూడండి. మెయిన్ వేసి, రౌటరుకు వచ్చే ఫైబరు తీగ పీకి, ఇరవై నిమిషాలు ఆగండి. మొబైల్ డేటా మీద ఉన్న మీ ఫోనుకు హెల్త్‌చెక్స్ సందేశం రావాలి. తీగ పీకి ఉండగానే మోటారు వేసి, పై ఫ్లోటును చేత్తో ఎత్తండి, మోటారు ఆగాలి. చివరికి ల్యాప్‌టాప్‌ను కూడా ఆపేసి మోటారును మాన్యువల్ మీద నడపమని అమ్మను అడగండి, మీరు దూరంగా నిలబడండి. మా ఇంట్లో మొదటిసారి ఆమె తిప్పిన స్విచ్చు తప్పు. ఆ రోజునే స్టార్టరు పెట్టె తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాను: పైన తెలుగులో, కింద ఒడియాలో, ఏ మీట ఎటు తిప్పాలో బాణం గుర్తుతో.